పాలు పడ్డయా?

బాలింత ఇంటికి ఎవరు వచ్చినా మొదట అడిగే మాట ఒకటే. "పాలు పడ్డయా?" అని.

పడ్డాయంటే అందరికీ సంతోషం. పడలేదంటే మాత్రం వచ్చిన ప్రతి మనిషీ ఒక మందు చెబుతుంది. మెంతులు నానబెట్టి తినమని ఒకామె. ఎల్లిగడ్డ ఎక్కువ వేసుకోమని ఒకామె. నువ్వులు, బెల్లం దంచి ఉండలు చేసి పెట్టమని ఇంకొకామె. పొయ్యి కాడ కూర్చున్న ముసలవ్వ అంతా విని, "అవన్నీ కాదు, పిల్లిపీచర గడ్డ తెచ్చి దంచి పాలల్ల పొయ్యిండ్రి" అంటుంది.

ఈ మందుల్లో ఏది పని చేస్తుంది? ఏది చెయ్యదు? ఏది కీడు చేస్తుంది? ఈ పాఠంలో తెలుసుకుందాం.

పద్నాలుగో రోజు

మేడారం ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండేది. 2019 నుంచి ములుగు జిల్లాలో ఉంది. తాడ్వాయి మండలం. రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మ జాతర జరిగే ఊరు. చుట్టూ అడవి. పక్కన జంపన్న వాగు. ఇక్కడి కోయ ఆడవాళ్లకు చెట్టూ చేమా బాగా తెలుసు. ఏ ఆకు ఎప్పుడు చిగురిస్తుందో, ఏ గడ్డ ఎక్కడ దొరుకుతుందో వాళ్లను అడగాల్సిందే.

ఈ పక్క ఊళ్లలో ఒక ఇల్లు అనుకుందాం. చిన్న కోడలికి తొలి కాన్పు. ఆసుపత్రిలోనే అయింది. ఆడపిల్ల. పుట్టినప్పుడు 2 కిలోల 800 గ్రాములు ఉంది. ఈ రోజు పద్నాలుగో రోజు.

కాన్పు అయిన ఇంటికి ఆశా కార్యకర్త రావాలని లెక్క ఉంది. 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వచ్చి తల్లినీ బిడ్డనూ చూడాలి. అట్లాగే ఆశక్క వచ్చింది. సంచిలోంచి తూకం తీసింది. బిడ్డను తూచింది. 2 కిలోల 700.

పుట్టిన కొత్తలో బిడ్డ కొంచెం బరువు తగ్గడం మామూలే. దానికి భయపడనక్కర లేదు. కానీ రెండు వారాలకు మళ్లీ పుట్టినప్పటి బరువుకు రావాలి. ఈ బిడ్డ రాలేదు.

అప్పుడే అత్త అడవి నుంచి వచ్చింది. కొంగులో తెల్లటి గడ్డలు. వేళ్ల లాగా సన్నగా, గుత్తులు గుత్తులుగా ఉన్నాయి.

"పిల్లిపీచర. దీనికి పాలు వస్తలేవు. పొద్దుగాల నుంచి తిరిగి తెచ్చిన" అంది అత్త.

"మంచిది పెద్దమ్మా" అంది ఆశక్క. కోడలి వైపు తిరిగింది. "చెల్లె, బిడ్డకు దినానికి ఎన్నిసార్లు ఇస్తున్నవ్?"

"ఏడిస్తె ఇస్తున్న అక్కా. ఐదు సార్లు. ఒక్కోసారి ఆరు."

"రాత్రి?"

"రాత్రి అత్త కాడ పండుకుంటది. నేను నిద్ర పోవాలె కదా అని అత్త తీస్కపోతది. మేకపాలల్ల నీళ్లు కలిపి సీసాతోని పోస్తది. పగటి పూట చక్కెర నీళ్లు."

"నువ్వేం తింటున్నవ్?"

కోడలు అత్త వైపు చూసింది. అత్తే చెప్పింది. "పత్యం గదా. రెండు పూటలా అన్నం, కారం, ఎల్లిపాయ. కూరగాయలు పెడితే బిడ్డకు పడది. నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట జారుతది. ఒక చెంబు పెడుతున్న, దినమంతటికి."

ఆశక్క అత్తను ఒక్క మాట కూడా తప్పు పట్టలేదు. ఆమె కోడలి నిద్ర కోసమే బిడ్డను తీసుకుపోయింది. ఆమె పొద్దున్నుంచి అడవిలో తిరిగింది కోడలి పాల కోసమే. ఇంట్లో అందరికంటే ఎక్కువ కష్టపడుతున్నది ఆమే. కానీ ఆ కష్టం పాలను పెంచడం లేదు, తగ్గిస్తున్నది. ఎట్లాగో చూద్దాం.

చెలిమె

ఎండాకాలంలో జంపన్న వాగు ఎండిపోతుంది. అయినా ఇసుకలో చెలిమె తీస్తే నీళ్లు ఊరతాయి. చిప్పతో తోడతాం. మళ్లీ ఊరతాయి. ఎంత తోడితే అంత ఊరతాయి. తోడకుండా వదిలేస్తే? నీళ్లు అట్లాగే నిలబడతాయి. కొత్త నీళ్లు ఊరవు. కొన్నాళ్లకు చెలిమె పూడిపోతుంది.

తల్లి రొమ్ము కూడా చెలిమె లాంటిదే. బిడ్డ చీకినప్పుడు ఆ కబురు తల్లి మెదడుకు చేరుతుంది. అప్పుడు రక్తంలోకి రెండు రసాలు వస్తాయి. ఒకటి ప్రొలాక్టిన్. ఇది పాలు తయారు చేయిస్తుంది. రెండోది ఆక్సిటోసిన్. ఇది తయారైన పాలను బయటికి నెడుతుంది. రాత్రి పూట ప్రొలాక్టిన్ ఎక్కువగా ఉంటుంది. అందుకే రాత్రి పాలు ఇవ్వడం చాలా ముఖ్యం.

పాలు రొమ్ములో నిండి అట్లాగే ఉంటే, "ఇక చాలు" అని రొమ్ముకు తెలుస్తుంది. తయారీ తగ్గిపోతుంది.

ఇప్పుడు ఆ ఇంటి సంగతి చూడండి. బిడ్డకు మేకపాలు పోశారు. కడుపు నిండింది. రొమ్ము చీకలేదు. రొమ్ములో పాలు మిగిలాయి. మరునాడు పాలు తక్కువ తయారయ్యాయి. "అయ్యో, పాలు తగ్గినయి" అని ఇంకొంచెం మేకపాలు పోశారు. పాలు ఇంకా తగ్గాయి. చాలా ఇళ్లలో పాలు ఎండిపోయేది ఇట్లాగే. చక్కెర నీళ్లు ఇంకా అన్యాయం. కడుపు నిండినట్టు ఉంటుంది, బిడ్డ ఏడవదు, కానీ బరువు రాదు.

సీసాతో ఇంకో చిక్కు కూడా ఉంది. సీసా నిపిలు తాగే తీరు వేరు, రొమ్ము తాగే తీరు వేరు. సీసాకు అలవాటు పడిన బిడ్డ రొమ్మును సరిగా పట్టదు.

ఆశక్క బిడ్డను తల్లి ఒళ్లో పెట్టించి చూసింది. బిడ్డ ముచ్చిక కొన మాత్రమే పట్టుకున్నది. అందుకే ముచ్చిక పగిలి మంట పెడుతున్నది. ఆ మంటకు భయపడి తల్లి త్వరగా తీసేస్తున్నది.

"గట్ల కాదు చెల్లె. బిడ్డ నోరు పెద్దగ తెరిచేదాక ఆగు. అప్పుడు దగ్గరికి తీస్కో. ముచ్చిక ఒక్కటే కాదు, చుట్టున్న నల్లటి భాగం చాన వరకు నోట్లకు పోవాలె. గదవ నీ రొమ్ముకు ఆనాలె. కింది పెదవి బయటికి తిరగాలె."

మూడోసారికి కుదిరింది. బిడ్డ గుటకలు వేస్తున్న చప్పుడు వినబడింది. తల్లికి మంట కూడా తగ్గింది.

ఆశక్క ఏఎన్ఎంకు ఫోన్ చేసి బరువు సంగతి చెప్పింది. తర్వాత అత్తతో మాట్లాడింది. "పెద్దమ్మా, బిడ్డ రాత్రి తల్లి పక్కనే పండుకోవాలె. దినానికి ఎనిమిది సార్లకు తక్కువ ఇయ్యొద్దు. పది, పన్నెండు అయినా మంచిదే. చక్కెర నీళ్లు, సీసా బంద్ చేద్దాం. నేను మూడు దినాలకు మళ్ల తూస్త. బరువు పెరగకపోతే ఆగేది లేదు, ములుగు దవాఖానకు పోదాం."

"మరి ఈ గడ్డ?" అంది అత్త.

"ఉండనియ్యి. పాలల్ల పోసి ఇయ్యి. ఆ పాలన్న కోడలి కడుపుల పడ్తయి."

మూడు రోజులకు బిడ్డ 90 గ్రాములు పెరిగింది. ఇంకో వారానికి 3 కిలోలకు చేరింది. "చూసినవా, పిల్లిపీచర!" అంది అత్త. ఆశక్క నవ్వి ఊరుకుంది.

గడ్డ వల్లనా, బిడ్డ వల్లనా?

అత్త మాట తప్పని ఎట్లా చెప్పాలి? గడ్డ తాగింది, పాలు వచ్చాయి. చూసిన వాళ్లంతా అదే నమ్ముతారు. కానీ అదే వారంలో బిడ్డ రాత్రి కూడా తాగింది. సీసా పోయింది. పట్టు కుదిరింది. తల్లి పాలు, పప్పు తిన్నది. ఇన్ని మారినప్పుడు దేని వల్ల మేలు జరిగిందో ఎట్లా తెలుస్తుంది?

దీనికి డాక్టర్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. పాలు తక్కువని చెప్పే తల్లులను రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకు అసలు మందు ఇస్తారు. రెండో గుంపుకు చూడటానికి అట్లాగే ఉండే ఉత్తి పొడి ఇస్తారు. ఎవరికి ఏది ఇచ్చారో తల్లులకు తెలియదు. మిగతావన్నీ ఇద్దరికీ ఒకటే. చివరికి లెక్క చూస్తారు.

పిల్లిపీచరనే శతావరి అంటారు. ఆయుర్వేదంలో పేరున్న మందు. 1996లో ఇండియన్ పీడియాట్రిక్స్ అనే పిల్లల డాక్టర్ల పత్రికలో దీని మీద ఒక పరిశోధన వచ్చింది. శతావరి ఉన్న మందు తిన్న తల్లులకూ, ఉత్తి పొడి తిన్న తల్లులకూ తేడా కనబడలేదు. 2011లో ఇంకో పరిశోధన వచ్చింది. అందులో 60 మంది తల్లులు ఉన్నారు. శతావరి తిన్న వాళ్లకు ప్రొలాక్టిన్ బాగా పెరిగిందని రాశారు. ఒకరు లేదన్నారు, ఒకరు ఉందన్నారు.

ఇట్లాంటి పరిశోధనలు చాలా దేశాల్లో జరిగాయి. 2020లో కొందరు డాక్టర్లు వాటిని ఒక చోట చేర్చి చూశారు. మొత్తం 41 పరిశోధనలు. సుమారు 3 వేల మంది తల్లులు. మెంతులు, మునగాకు, శొంఠి, ఖర్జూరం, అరటిపువ్వు వంటివి అందులో ఉన్నాయి. కొన్నింటి వల్ల పాలు కొంచెం పెరగొచ్చు అని తేలింది. కానీ ఎంత పెరుగుతాయో, ఏది మంచిదో గట్టిగా చెప్పేంత రుజువు లేదని రాశారు.

అంటే చెట్టు మందులు ఉత్తవే అని కాదు. మల్లెపూల సంగతే చూడండి. బిడ్డ పోయిన తల్లికి పాలు ఎండిపోవాలని రొమ్ముకు మల్లెపూలు కట్టడం మన దగ్గర పాత అలవాటు. తమిళనాడులోని వేలూరు డాక్టర్లు దీన్ని పరీక్ష చేశారు. 1988లో ఆ ఫలితం అచ్చయింది. పూలు కట్టిన వాళ్లకు నిజంగానే పాలు తగ్గాయి. అవ్వలు చెప్పిన మాట అక్కడ నిజమైంది. కాబట్టి పాలిచ్చే తల్లి రొమ్ము మీద మల్లెపూలు పెట్టొద్దు.

ఏ దేశం బాలింతకు ఆ దేశం వంట ఉంది. ఫిలిప్పీన్స్‌లో మునగాకు పులుసు పోస్తారు. కొరియాలో సముద్రపు నాచు పులుసు పెడతారు. ఈజిప్టులో మెంతులు మరగబెట్టి తాగిస్తారు. మన కోస్తా ఊళ్లలో పాలసొర చేప వండుతారు. ఆకులు వేరు, చేపలు వేరు. కానీ అన్ని చోట్లా ఒకటి మాత్రం కనబడుతుంది. బాలింతకు వేడివేడిగా, పోషణ ఉన్న తిండి పెట్టి, ఆమెను కొన్ని రోజులు కూర్చోబెట్టడం. మేలు చేసింది ఆకా, ఆ కూర్చోబెట్టడమా అంటే, రెండోదాని పాలు కూడా తక్కువేం కాదనిపిస్తుంది.

తిండిగా తినేవి

మన ఇంట్లో దొరికే వాటిని చాలా వరకు తిండిగా తినవచ్చు. పాలు పెరిగినా పెరగకపోయినా తల్లికి బలం వస్తుంది.

మునగాకులో ఇనుము, సున్నం ఉంటాయి. పప్పులో వేసి వండుకోవచ్చు. నువ్వుల్లో కూడా సున్నం ఎక్కువ. నువ్వులు, బెల్లం ఉండలు మంచివి. మేడారంలో బెల్లాన్ని బంగారం అంటారు, అమ్మవార్లకు ఆ బంగారమే మొక్కుతారు. బాలింతకు కూడా కొంచెం పెట్టడంలో తప్పు లేదు. ఎల్లిపాయ వేస్తే పాలకు ఆ వాసన వస్తుంది. బిడ్డకు దాంతో కీడు లేదు. ఆనిగెపుకాయ, బీరకాయ, పప్పు, గుడ్డు, చేపలు అన్నీ తినవచ్చు.

మెంతుల గురించి కొంచెం జాగ్రత్త. కూరలో, పచ్చడిలో వేసుకుంటే భయం లేదు. పిడికెడు పిడికెడు తింటేనే చిక్కు. మెంతులు రక్తంలో చక్కెరను తగ్గిస్తాయి. చక్కెర జబ్బుకు మందులు వాడే తల్లి ఎక్కువగా తినకూడదు. రక్తం పలచబడే మాత్రలు వాడే వాళ్లు కూడా తినకూడదు. ఉబ్బసం ఉన్న వాళ్లకు, పల్లీలు, శనగలు పడని వాళ్లకు మెంతులు కూడా పడకపోవచ్చు. కొందరికి విరేచనాలు అవుతాయి. మెంతులు ఎక్కువ తింటే చెమటకు, మూత్రానికి ఒక వింత వాసన వస్తుంది. దానికి కంగారు పడొద్దు.

భయపడాల్సినవి

అడవి గడ్డల్లో అన్నీ మంచివి కావు. అడవినాభి అనే తీగ ఉంది. పువ్వు మంట లాగా ఎరుపు, పసుపు రంగుల్లో ఉంటుంది. ఆకు కొన ముడుచుకొని తీగకు చుట్టుకుంటుంది. చూడటానికి అందంగా ఉంటుంది. కానీ దాని గడ్డ విషం. తింటే ప్రాణం పోవచ్చు. పిల్లిపీచర తీగకు ముళ్లు ఉంటాయి. ఆకు సూదుల్లాగా సన్నగా ఉంటుంది. వానాకాలం దాటితే తీగలు ఎండి గుర్తు పట్టడం కష్టం. బాగా తెలిసిన పెద్దవాళ్లు తవ్వి తెస్తే తప్ప ఏ గడ్డనూ బాలింతకు పెట్టొద్దు.

సంతలో, జాతరలో "పాలు పొంగే మందు" అని పొట్లాలు అమ్మితే కొనొద్దు. ఆ పొట్లం మీద పేరు ఉండదు. అందులో ఏముందో ఉండదు. ఎవరు చేశారో ఉండదు. కొన్ని నాటు పొడుల్లో సీసం వంటి విషపు లోహాలు దొరికిన సంగతి చాలా చోట్ల బయటపడింది. అవి తల్లి పాల ద్వారా బిడ్డకు చేరతాయి. అక్షరాలు నేర్చిన మనం పొట్లం తిప్పి చదవాలి. చదవడానికి ఏమీ లేకపోతే దాన్ని అక్కడే పెట్టి రావాలి.

పాలు పెరగడానికి మాత్రలు కూడా ఉన్నాయి. కొందరికి వాటితో గుండె లయ తప్పుతుంది. డాక్టరు చూసి రాస్తేనే వేసుకోవాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకోకూడదు.

కల్లు తాగితే పాలు పడతాయని కొందరు అంటారు. ఇప్పసారా గురించి కూడా ఇదే మాట చెబుతారు. ఇది నిజం కాదు. సారా, కల్లు మత్తు వల్ల పాలు బయటికి రావడం తగ్గుతుంది. ఆ మత్తు పాలలోకి కూడా వస్తుంది. బిడ్డ తక్కువ తాగుతుంది, సరిగా నిద్ర పోదు. బీడీ, పొగాకు కూడా పాలను తగ్గిస్తాయి.

ఇక బిడ్డ నోట్లో పోసేవి. పుట్టగానే తేనె నాకిస్తారు. ఆముదం పోస్తారు. వసకొమ్ము అరగదీసి పెడతారు. ఆరు నెలల దాకా తల్లి పాలు తప్ప ఏదీ పెట్టకూడదు. డాక్టరు రాసిన మందు అయితే వేరు. తేనె అయితే ఏడాది దాకా వద్దు. అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసిబిడ్డ నరాలను చచ్చుబడేస్తుంది. మండే ఎండల్లో కూడా బిడ్డకు నీళ్లు అవసరం లేదు. తల్లి పాలలో నూటికి 87 వంతులు నీళ్లే.

ముర్రుపాలు

మొదటి రెండు మూడు రోజులు వచ్చే పాలు చిక్కగా, పచ్చగా ఉంటాయి. కొంచెమే వస్తాయి. వీటిని ముర్రుపాలు అంటారు. "ఇవి చెడ్డ పాలు" అని పిండి పారబోసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. "పాలు ఇంకా పడలేదు" అని చక్కెర నీళ్లు మొదలుపెట్టేది కూడా ఈ రోజుల్లోనే.

ముర్రుపాలు కొంచెమే అయినా చాలు. మొదటి రోజు బిడ్డ కడుపు చిన్న గోలీ అంత ఉంటుంది. ఆ చుక్కల్లోనే జబ్బులను ఆపే శక్తి ఉంది. పుట్టిన గంటలోపే బిడ్డను రొమ్ముకు పట్టించాలి. 2019–21లో దేశమంతా చేసిన కుటుంబ ఆరోగ్య సర్వేలో గంటలోపు పాలు తాగిన బిడ్డలు నూటికి 42 మందే. మిగిలిన 58 మందికి ఆలస్యమైంది. మూడో రోజుకు, నాలుగో రోజుకు ఎక్కువ పాలు వాటంతట అవే దిగుతాయి. ఆ రోజే ఎవరైనా మందు ఇచ్చి ఉంటే పేరు ఆ మందుకు పోతుంది.

పత్యం

పాలిచ్చే తల్లి మామూలు కంటే ఎక్కువ తినాలి. ఒక పూట తిండి అదనంగా కావాలి. దాహం వేసినప్పుడల్లా నీళ్లు తాగాలి. బిడ్డకు పాలిచ్చే ప్రతిసారీ పక్కన చెంబు పెట్టుకుంటే మంచిది. అవసరానికి మించి తాగితే పాలు పెరుగుతాయని కాదు. తాగకుండా ఆపొద్దని. నీళ్లు తాగితే పొట్ట జారదు.

కారం మెతుకులు మాత్రమే తిన్న తల్లికి కూడా పాలు వస్తాయి. అదే చిత్రం. తల్లి తన ఒంట్లో ఉన్నది కరిగించి బిడ్డకు ఇస్తుంది. పాలు ఆగవు కానీ తల్లి ఎండిపోతుంది. రక్తం తగ్గుతుంది. కళ్లు తిరుగుతాయి. మోకాళ్లు నొస్తాయి. రెండో కాన్పుకు ఆమె దగ్గర ఏమీ మిగలదు.

తెలంగాణలో 2015 జనవరి 1న ఆరోగ్యలక్ష్మి మొదలైంది. అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెట్టాలని దాని లెక్క. కాన్పు అయిన ఆరు నెలల దాకా ఇది బాలింత హక్కు. పత్యం పేరుతో ఆ గుడ్డు ఇంట్లో ఇంకెవరి పళ్లెంలోకో పోతుంటే మాత్రం మాట్లాడాలి. కోడలు మాట్లాడలేకపోతే సంఘంలో వాళ్లు మాట్లాడాలి.

పాలు చాలుతున్నాయా?

బిడ్డ ఏడిస్తే పాలు చాలలేదని అనుకుంటాం. బిడ్డ ఆకలికే ఏడవదు. ఉక్కకు ఏడుస్తుంది. తడిసినా ఏడుస్తుంది. సందె వేళ ఊరికే ఏడ్చే బిడ్డలు చాలా మంది. కొన్ని రోజులు బిడ్డ గంటకోసారి అడుగుతుంది. అది పాలు పెంచమని బిడ్డ అడిగే తీరు. అడిగినప్పుడల్లా ఇస్తే రెండు మూడు రోజుల్లో పాలు పెరుగుతాయి. రొమ్ములు మెత్తబడితే కూడా భయపడతారు. నెల దాటిన తర్వాత మెత్తగా ఉండటం మామూలే.

ఏడుపును బట్టి కాదు, మూత్రాన్ని బట్టి చూడాలి. వారం దాటిన బిడ్డ దినానికి ఆరు సార్లు గానీ ఎక్కువ గానీ మూత్రం పోయాలి. అది నీళ్లలాగా తేటగా ఉండాలి. నెలకు అర కిలోకు తగ్గకుండా బరువు పెరగాలి. ఈ రెండూ ఉంటే ఎవరేమన్నా పాలు చాలుతున్నట్టే.

బిడ్డ మూత్రం తక్కువైనా, ముదురు పసుపుగా వచ్చినా ఆలస్యం చెయ్యొద్దు. బిడ్డ మగతగా పడి ఉండి తాగడానికి లేవకపోయినా, ఒళ్లు కాలినా, చల్లబడినా, అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా, నడినెత్తి లోపలికి గుంట పడినా అంతే. ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. గడ్డ దంచుతూ కూర్చునే సమయం కాదు.

కొందరు తల్లులకు నిజంగానే పాలు తక్కువ వస్తాయి. కాన్పులో రక్తం చాలా పోయిన వాళ్లకు, మాయ ముక్క లోపల మిగిలిన వాళ్లకు, థైరాయిడ్ జబ్బు ఉన్న వాళ్లకు ఇట్లా అవుతుంది. ఎంత చీకినా, ఎంత తిన్నా పాలు రాకపోతే డాక్టరు చూడాలి. అది ఆమె తప్పు కాదు. "నీ పాలకు దిష్టి తగిలింది", "నీ జాతే అంత" అనడం వల్ల ఆమెకు దిగులు తప్ప ఇంకేమీ రాదు. దిగులు, భయం ఉంటే వచ్చే పాలు కూడా సరిగా దిగవు.

పాల డబ్బాల ప్రకటనలు మన దేశంలో చెల్లవు. 1992లో పార్లమెంటు దీనికి చట్టం చేసింది. డబ్బా పాలు పొయ్యాలా వద్దా అని డాక్టరు చెప్పాలి. అమ్మేవాళ్లు చెప్పకూడదు.

తునికాకు పనికి పోయినప్పుడు

ఎండాకాలం వస్తే తునికాకు పని మొదలవుతుంది. తెల్లవారక ముందే అడవికి పోవాలి. బిడ్డ ఇంట్లో అవ్వ దగ్గర ఉంటుంది. తల్లి తిరిగి వచ్చేసరికి ఎండ నెత్తి మీదికి వస్తుంది. రొమ్ములు గట్టిపడి నొస్తాయి. నాలుగు రోజులు ఇట్లా జరిగితే పాలు తగ్గుతాయి. ఏ గడ్డ తిన్నా తగ్గుతాయి. ఎందుకంటే చెలిమె తోడలేదు.

కూలి మానుకొమ్మని ఎవరికీ చెప్పలేం. వీలైతే బిడ్డను వెంట తీసుకుపోయి నీడలో ఉంచుకోవచ్చు. వీలు కాకపోతే చేత్తో పాలు పిండి పెట్టి పోవచ్చు.

ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మూత ఉన్న స్టీలు గిన్నెను కడిగి, నీళ్లలో మరగబెట్టి ఆరబెట్టాలి. బొటనవేలు నల్లటి భాగం పైన, మిగతా వేళ్లు కింద పెట్టాలి. వేళ్లను వెనక్కు, ఛాతీ వైపు నొక్కి, తర్వాత ముందుకు పిండాలి. ముచ్చికను లాగొద్దు. మొదట చుక్కలే వస్తాయి. ఆగకుండా చేస్తే ధార వస్తుంది. వేళ్లను చుట్టూ తిప్పుతూ రెండు వైపులా పిండాలి. అడవిలో రొమ్ములు గట్టిపడితే అక్కడ కూడా పిండి పారబోయాలి. పోయిన పాల గురించి బాధ వద్దు, మళ్లీ ఊరతాయి.

పిండిన పాలను నీడలో చల్లటి చోట ఉంచితే నాలుగు గంటల దాకా ఉంటాయి. మండే ఎండల్లో అంత సేపు కూడా ఆగొద్దు. అవ్వ వాటిని కాచొద్దు. నీళ్లు కలపొద్దు. సీసాలో పొయ్యొద్దు. మరగబెట్టిన ఉగ్గుగిన్నెతో గానీ చెంచాతో గానీ కొంచెం కొంచెంగా పట్టాలి. బిడ్డ తాగగా గిన్నెలో మిగిలిన పాలను మళ్లీ దాచి పెట్టొద్దు.